చనన్ సింగ్ గురించి కూడా మాట్లాడదాం

(భగత్ సింగ్ వర్ధంతి సందర్భంగా డిగ్రీ విద్యార్థుల సభలో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడి ప్రసంగం. రికార్డు విని రాసినది.)

సభకు నమస్కారం. ఇవాళ్టి అంశం "విప్లవకారుడు: వీరుడా, ఉగ్రవాదా?" అన్నారు. అంత పెద్ద ఫోటో పెట్టి, దాని మెడలో అంత లావు దండ వేసి, ఆ తర్వాత నన్ను పిలిచి ఈ ప్రశ్న అడుగుతున్నారు. జవాబు మీరే రాసేసుకుని పేపరు దిద్దమని నా చేతికిచ్చినట్టుంది. (నవ్వులు)

కానీ ఈ ప్రశ్న ఉత్తుత్తిది కాదు. భగత్ సింగ్‌ని ఉరి తీసిన లాహోర్ సెంట్రల్ జైలు ఇప్పుడు లేదు. ఆ జాగాలో షాద్‌మాన్ చౌక్ అని ఒక కూడలి ఉంది. దానికి భగత్ సింగ్ పేరు పెట్టాలని అక్కడి పౌరులు కొందరు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. 2024 నవంబరులో ప్రభుత్వం లాహోర్ హైకోర్టుకు ఏం చెప్పిందంటే, ఆ ప్రతిపాదన విరమించుకున్నాం అని. విశ్రాంత నౌకాదళ అధికారి ఒకాయన ఇచ్చిన అభిప్రాయాన్ని దానికి ఆధారంగా చూపించారు. ఇవాళ్టి లెక్కలో అతను ఉగ్రవాది, ఒక ఇంగ్లీషు పోలీసు అధికారిని చంపిన నేరస్తుడు, అని అందులో ఉంది.

వాళ్లు పాకిస్తాన్ వాళ్లు, అలాగే అంటారులే అనుకోకండి. 2022లో మన పంజాబు నుంచి లోక్‌సభకు ఎన్నికైన ఒక ఎంపీ గారు ఇంచుమించు ఇదే మాట అన్నారు. ఒక తెల్ల అధికారిని చంపాడు, ఒక సిక్కు కానిస్టేబుల్‌ని చంపాడు, పార్లమెంటులో బాంబు వేశాడు, మరి ఉగ్రవాది కాక ఏమిటి అని. దేశమంతా ఆయన మీద పడింది. తిట్టారు, దిష్టిబొమ్మలు కాల్చారు. ఆయన చెప్పిన మూడు విషయాలకీ జవాబు చెప్పినవాళ్లు మాత్రం నాకు పెద్దగా కనబడలేదు. ఆయన ముగింపుతో నాకు ఒప్పుదల లేదు. కానీ మూడింట్లో రెండోది విన్నాక నేను ఆగిపోయాను. అందుకే ఇవాళ చనన్ సింగ్ దగ్గర మొదలుపెడతాను. ఆ పేరు ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ...ముగ్గురు. పర్లేదు, నేను ఒక్కటీ రాదనుకున్నాను.

1928 అక్టోబరు 30. సైమన్ కమిషన్ లాహోర్ వచ్చింది. లాలా లజపతిరాయ్ ముందు నడుస్తుండగా నిరసన ఊరేగింపు సాగింది. పోలీసు సూపరింటెండెంట్ జేమ్స్ స్కాట్ లాఠీఛార్జికి ఆజ్ఞ ఇచ్చాడు. దెబ్బలు తిన్న లాలాజీ నవంబరు 17న పోయారు. ఆ దెబ్బల వల్లే పోయారని దేశం నమ్మింది. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల్లో కూర్చుని హిందుస్తాన్ సోషలిస్ట్ రిపబ్లికన్ అసోసియేషన్ అని పేరు పెట్టుకున్న కుర్రాళ్లు, స్కాట్‌ని చంపాలని నిర్ణయించుకున్నారు.

సరిగ్గా నెల తర్వాత, డిసెంబరు 17 సాయంత్రం. లాహోర్ పోలీసు ఆఫీసు ముందు కాపు కాశారు. అధికారి బయటికొస్తే సైగ చెయ్యవలసిన బాధ్యత జైగోపాల్‌ది. ఒక తెల్లాయన మోటారు సైకిల్ దగ్గరికి వచ్చాడు. సైగ అందింది. రాజగురు కాల్చాడు, ఆపైన భగత్ సింగ్ కాల్చాడు. పడినవాడు స్కాట్ కాదు. జాన్ సాండర్స్ అనే అసిస్టెంట్ సూపరింటెండెంట్, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్న కుర్రవాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న డి.ఎ.వి. కాలేజీ వైపు పరుగెత్తారు. హెడ్ కానిస్టేబుల్ చనన్ సింగ్ వాళ్ల వెంట పడ్డాడు. వెనక్కి పొమ్మని చంద్రశేఖర్ ఆజాద్ హెచ్చరించాడని సహచరులు తర్వాత చెప్పుకున్నారు. అతను ఆగలేదు. ఆజాద్ కాల్చాడు. చనన్ సింగ్ చనిపోయాడు.

చనన్ సింగ్ చేసిన తప్పేమిటి? తన అధికారిని కళ్లముందు కాల్చినవాళ్లని పట్టుకోబోయాడు. ఏ కానిస్టేబుల్ అయినా చేసే పని. తెల్లదొర కాదు, పంజాబీ. జీతానికి పనిచేసే మనిషి. మన ఊళ్లల్లో వ్యవసాయం గిట్టక పోలీసు సెలక్షన్లకు వెళ్లే కుర్రాళ్లు ఉన్నారు చూడండి, ఆ కాలానికి వాళ్లలాంటి వాడే అయ్యుంటాడు.

మర్నాడు లాహోర్ గోడల మీద కాగితాలు వెలిశాయి. సాండర్స్ చచ్చాడు, లాలాజీ ప్రతీకారం తీరింది అని. అందులోనే ఒక మనిషి రక్తం చిందినందుకు విచారిస్తున్నామనీ, ఆ మనిషి రూపంలో ఒక క్రూర వ్యవస్థ ప్రతినిధి చచ్చాడనీ ఉంటుంది. చంపి, విచారిస్తున్నాం అని గోడకి అంటించడం ఆ రోజుల్లోనే కాదు, ఈ రోజుల్లో కూడా ఎవరూ చెయ్యరు. అది వాళ్ల గొప్పతనమే అని నేనూ చాలా ఏళ్లు పాఠం చెప్పాను, ఇప్పటికీ అంటాను. కానీ ఆ కాగితం ఇంకోసారి చదవండి. లాలాజీ ఒంటి మీద చెయ్యి వేసింది సాండర్సే అన్నట్టు రాశారు. వాళ్లు వెతుక్కున్నది స్కాట్‌ని. పొరపాటున దొరికినవాణ్ణే కావలసినవాడిగా చూపించారు. ఇక చనన్ సింగ్ పేరు అందులో ఎక్కడా లేదు.

ఇక్కడ మన అల్లూరిని పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఏం జరిగింది? పోలీసు దళం కొండదారిలో వస్తోంది. ముందు నడిచే మన దేశపు సిపాయిలని రామరాజు మనుషులు పోనిచ్చారు. వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికార్లని గురి చూసి కొట్టారు. అంతకు నెల ముందు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు పడ్డప్పుడు కూడా ఆయనకి కావలసింది తుపాకులు, తూటాలు. ఏమేం పట్టుకెళ్లాడో స్టేషన్ డైరీలో రాసి మరీ వెళ్లాడు. మన దేశస్థుల మీద చెయ్యి చేసుకోకూడదన్న కట్టుబాటు ఆయన పెట్టుకున్నాడు. కొండ మీద, చెట్టు చాటున, తీరిగ్గా గురి చూసే వీలుంది కాబట్టి ఆ నియమం నిలబడిందని మీరు అనొచ్చు, ఊరి నడిబొడ్డున పారిపోతున్నవాడికి ఆ వీలు లేదని కూడా అనొచ్చు. నిజమే. తేడా మాత్రం తేడాయే.

అంటే లాహోర్ సంగతిలో ఎంపీ గారి మాట నిజమేనా? ఆ ఒక్క రోజు వరకే అయితే, ఆ పని భయపెట్టడానికి చేసిన పనే. వాళ్లే ఒప్పుకున్నారు. 1930లో "బాంబు తత్వం" అని భగవతీచరణ్ వోహ్రా రాసిన కరపత్రం వచ్చింది. టెర్రరిజం సంపూర్ణ విప్లవం కాదు, అది లేకుండా విప్లవం సంపూర్ణమూ కాదు, అని అందులో బాహాటంగా ఉంది. ఆ మాటకి అప్పట్లో వాళ్లు సిగ్గుపడలేదు. 1988లో బిపన్ చంద్ర, ఆయన సహ రచయితలు స్వాతంత్ర్య పోరాటం మీద పుస్తకం రాస్తూ వీళ్లని "విప్లవ టెర్రరిస్టులు" అన్నది తిట్టాలని కాదు, వాళ్ల మాట వాళ్లకే వాడారు. 2016కి వచ్చేసరికి అదే మాట మీద పెద్ద గొడవై ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆ పుస్తకం హిందీ అనువాదం అమ్మకం ఆపేసింది. మధ్యలో ప్రపంచం మారింది. ఆ మాట వింటే ఇప్పుడు మన కళ్ల ముందు మెదిలేది వేరు.

మెదిలేది ఏమిటో చెప్పనా? 2007 ఆగస్టు 25, హైదరాబాద్. కోఠిలో గోకుల్ చాట్, సెక్రటేరియట్ ఎదురుగా లుంబినీ పార్కు. 42 మంది పోయారు. సాయంత్రం పూట చాట్ తిందామని వచ్చినవాళ్లు, లేజర్ షో చూద్దామని వచ్చిన పిల్లలు. బాంబు పెట్టినవాడికి వాళ్ల పేర్లు తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. ఎవరు చచ్చినా సరే, ఎక్కువమంది చావాలి, మిగిలినవాళ్లు వణకాలి. అదీ లెక్క.

ఇప్పుడు 1929 ఏప్రిల్ 8కి రండి. ఢిల్లీ సెంట్రల్ అసెంబ్లీ. కార్మికుల సమ్మె హక్కుని కట్టడి చేసే ట్రేడ్ డిస్ప్యూట్స్ బిల్లు అప్పటికే గట్టెక్కింది. పబ్లిక్ సేఫ్టీ బిల్లు మీద సభాధ్యక్షుడు విఠల్‌భాయ్ పటేల్ రూలింగ్ ఇవ్వబోతున్నారు. గ్యాలరీలోంచి భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ రెండు బాంబులు విసిరారు, జనం లేని బెంచీల వైపు. పొగ, అరుపులు, కొందరికి చిన్న చిన్న గాయాలు. ఎవరూ చావలేదు. చెవిటివాళ్లకి వినబడాలంటే గట్టిగా అరవాలి అని కరపత్రాలు వెదజల్లారు. ఆ మాట ఫ్రెంచి అరాచకవాది వైయాది, 1893లో పారిస్ పార్లమెంటులో బాంబు వేసినవాడు. ఆ గందరగోళంలో తప్పించుకుందామనుకుంటే తప్పించుకోగలిగేవాళ్లు. నిలబడి పట్టుబడ్డారు. భగత్ సింగ్ జేబులో పిస్తోలు ఉంది, అదీ అప్పగించాడు. ఆ పిస్తోలు సంగతి మన వక్తలు చెప్పరు, ఎందుకో తెలీదు. అది దొరికాకే సాండర్స్ కేసుకి దారి దొరికింది పోలీసులకి.

లుంబినీ పార్కులో టైమర్ పెట్టి ఊరు దాటినవాణ్ణీ, బాంబు వేసి "నేనే వేశాను, ఇదిగో నా కారణం" అని చేతులు చాచినవాణ్ణీ ఒకే పేరుతో పిలవమంటే నా వల్ల కాదు. "భగత్ సింగ్‌ని కూడా ఆనాడు టెర్రరిస్టు అన్నారు కదా" అని ఇవాళ ప్రతివాడూ తన హంతకుడికి అదొక సర్టిఫికెట్‌గా వాడుతున్నాడు. చెల్లదు. ఆనాటి ప్రభుత్వం అతన్ని ఏమందన్నది ఒక్కటే చాలదు, ఎవరి మీదికి బాంబు వేశాడన్నది చూడాలి. ఆ తర్వాత పారిపోయాడా, నిలబడ్డాడా అన్నదీ చూడాలి. ఐక్యరాజ్యసమితిలో ఉగ్రవాదం మీద సమగ్ర ఒప్పందం కావాలని మన దేశమే 1996లో ముసాయిదా పెట్టింది. ఇప్పటికీ తెమల్లేదు. పరాయి ఆక్రమణ మీద పోరాడేవాళ్లని అందులో కలపాలా వద్దా అన్న దగ్గరే బండి ఆగిపోయింది. నెల్సన్ మండేలా పేరు అమెరికా ఉగ్రవాద జాబితాలోంచి తొలగింది 2008లో. అప్పటికి ఆయన నోబెల్ తీసుకుని, ఒక దేశానికి అధ్యక్షుడై, దిగిపోయి కూడా ఎన్నో ఏళ్లయింది. కాబట్టి జాబితాల్ని నమ్ముకుని లాభం లేదు.

జైలు సంగతి. రాజకీయ ఖైదీలుగా చూడాలి, తిండి సరిగ్గా పెట్టాలి, పుస్తకాలు పత్రికలు ఇవ్వాలి అని నిరాహారదీక్ష పట్టారు. 63వ రోజున, 1929 సెప్టెంబరు 13న జతిన్ దాస్ ప్రాణం పోయింది. దీక్షలో ఉన్న ముద్దాయిలు కోర్టుకి రాలేకపోతున్నారు కాబట్టి, వాళ్లు లేకుండానే విచారణ నడిపేలా చట్టం చేద్దామని ప్రభుత్వం అసెంబ్లీకి వచ్చింది. దాన్ని దుమ్మెత్తిపోసినవాళ్లలో ఒకాయన పేరు చెప్తాను, ఆశ్చర్యపోకండి. మహమ్మద్ అలీ జిన్నా. నిరాహారదీక్ష చేసే మనిషికి ఆత్మ ఉంటుంది, తన లక్ష్యం న్యాయమైనదని నమ్మి నడుస్తాడు, అతను మామూలు నేరస్తుడు కాడు, అన్నాడాయన. భగత్ సింగ్ పద్ధతి ఆయనకి నచ్చలేదు, ఆ మాటా చెప్పాడు. షాద్‌మాన్ చౌక్ ఫైలు మీద సంతకం పెట్టినవాళ్లు తమ జాతిపిత ప్రసంగం ఒకసారి తీసి చదివితే బాగుండేది.

చివరికి 1930 మే 1న వైస్రాయ్ ఇర్విన్ ఆర్డినెన్స్ తెచ్చాడు. ముగ్గురు జడ్జీల ట్రిబ్యునల్, ముద్దాయిలు లేకపోయినా విచారణ, హైకోర్టుకి అప్పీలు లేదు. కోర్టు హాల్లోనే ముద్దాయిల్ని పోలీసులు కొడితే, దానితో నాకు సంబంధం లేదని రాతపూర్వకంగా చెప్పిన జడ్జి ఆగా హైదర్. కొన్ని వారాల్లో ట్రిబ్యునల్ మార్చారు, ఆయన అందులో లేరు. ఆర్డినెన్స్ ఆయుష్షు ఆరు నెలలు. అది తీరకముందే, అక్టోబరు 7న తీర్పు వచ్చేసింది. సాక్ష్యం అంత గట్టిదైతే ఇంత హడావుడి దేనికి? మామూలు కోర్టులో, మామూలు అప్పీలుతో ఉరిశిక్ష నిలబెట్టలేమన్న భయం ప్రభుత్వానిదే. ఎవరు ఎవరిని చూసి భయపడ్డారో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనం తొంభై ఏళ్లకి పైగా కొట్టుకుంటున్న ఈ ప్రశ్నకి అతనే జవాబు రాశాడు. 1929 అక్టోబరులో లాహోర్‌లో పంజాబ్ విద్యార్థుల మహాసభ జరిగింది, సుభాష్ బోస్ అధ్యక్షుడు. జైలు నుంచి భగత్ సింగ్, దత్ సందేశం పంపారు. యువకుల్ని ఇవాళ పిస్తోళ్లు, బాంబులు పట్టమని మేం చెప్పలేం, అంతకన్నా పెద్ద పని ఉంది, ఫ్యాక్టరీ వాడల్లోకి, పల్లె గుడిసెల్లోకి వెళ్లండి అని. ఆ తర్వాత 1931 ఫిబ్రవరి 2. ఉరికి ఇంకా ఏడు వారాలు. యువ రాజకీయ కార్యకర్తలకి పొడుగాటి లేఖ రాశాడు. అందులో ఒక వాక్యం నా మాటల్లో చెప్తాను: నా శక్తినంతా కూడదీసుకుని ప్రకటిస్తున్నాను, నేను టెర్రరిస్టుని కాను, ఎప్పుడూ కాదు, బహుశా నా విప్లవ జీవితం తొలినాళ్లలో తప్ప. ఆ పద్ధతులతో మనం సాధించేదేమీ లేదని నమ్ముతున్నాను అని కూడా రాశాడు.

"తొలినాళ్లలో తప్ప." ఆ రెండు మాటలు చాలామంది వదిలేస్తారు. పూజ చేసేవాళ్లు అవి వదిలేసి "కాను" అన్నది పట్టుకుంటారు. తిట్టేవాళ్లు అవి మాత్రమే పట్టుకుంటారు. ఇరవై మూడేళ్లవాడు, ఉరికొయ్య ఎదుట, తన లెక్క తనే తేల్చుకుంటున్నాడు. డిసెంబరు 17 నా ఖాతాలోదే, కానీ నేను అక్కడే ఆగిపోలేదు అంటున్నాడు. నాకు అతను వీరుడు అనిపించేది ఇక్కడ. సాండర్స్‌ని కాల్చినందుకు కాదు. కాల్చినా వీరుడే అని కూడా కాదు. ఉరి ఖాయమని తెలిశాక మనిషికి తన మొదటి తప్పుని ఒప్పుగా చెప్పుకోవడమే తేలిక, పేరు ఎలాగూ వస్తుంది. అతను అది చెయ్యలేదు.

(సభలోంచి: సార్, మరి మార్చిలో గవర్నర్‌కి రాసిన ఉత్తరం?)

మంచి ప్రశ్న. మార్చి 20 ఉత్తరం. మేం మీ రాజు మీద యుద్ధం చేశామని మీ కోర్టే తేల్చింది కాబట్టి మేం యుద్ధఖైదీలం, ఉరి తియ్యకండి, సైన్యాన్ని పిలిపించి కాల్పించండి, అని భగత్ సింగ్, రాజగురు, సుఖదేవ్ ముగ్గురూ కలిసి రాశారు. ఫిబ్రవరి లేఖకీ దీనికీ పొత్తు కుదరదు అంటావు, అంతేనా బాబూ? కుదరకపోవచ్చు. కానీ మొదటిది తోటి కుర్రాళ్లకి రాసింది, ఏ దారి పట్టాలో చెప్పడానికి. రెండోది ప్రభుత్వానికి రాసింది, మాకు క్షమాభిక్ష అక్కర్లేదని చెప్పడానికి. వాళ్ల నాన్న కిషన్ సింగ్ గారు కొడుకుని కాపాడుకోవాలని ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకుంటే, నన్ను వెన్నుపోటు పొడిచినట్టుందని తండ్రికే ఉత్తరం రాసినవాడు. అటువంటివాడు గవర్నర్‌ని ఇంకోలా ఎలా అడుగుతాడు?

కాంగ్రెస్ వాళ్ల ఇబ్బంది చూడాలి, అది వేరే కథ. మార్చి 23 రాత్రి ఉరి, ఆ వారమే కరాచీ మహాసభ. గాంధీగారికి స్టేషన్లో నల్ల జెండాలు. మహాసభ చేసిన తీర్మానంలో, ఏ రూపంలోని రాజకీయ హింసనైనా మేం ఆమోదించం అంటూనే ముగ్గురి ధైర్యాన్ని, త్యాగాన్ని కొనియాడారు. అదే గాంధీగారు 1929లో మన ప్రాంతానికి వచ్చి వెళ్లాక అల్లూరి గురించి రాసిందీ ఇదే ధోరణి, సాయుధ తిరుగుబాటు నాకు నచ్చదు కానీ అంత నిరాడంబరుడైన వీరుడికి నా నమస్కారం, అని. కాంగ్రెస్ చరిత్ర రాసిన మన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఉన్నమాట ఒప్పుకున్నారు. ఆ సమయాన భగత్ సింగ్ పేరు దేశమంతటా గాంధీ పేరంత మారుమోగిందంటే అతిశయోక్తి కాదు అని. ఆయన గాంధీ మనిషి. రాయకుండా దాటెయ్యొచ్చు. దాటెయ్యలేదు.

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. తెలుగువాళ్లకి ఈ ప్రశ్న లాహోర్ దగ్గర ఆగదు. శ్రీకాకుళం నుంచి ఉత్తర తెలంగాణ దాకా "అన్నలు" అన్న మాట వినని ఊరు లేదు. 1970 జులైలో శ్రీకాకుళ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయినప్పుడు వాళ్లని దేవుళ్లన్నవాళ్లున్నారు, రాక్షసులన్నవాళ్లున్నారు. అక్కడ కూడా నేను వెతికేది చనన్ సింగ్‌నే. ఇన్ఫార్మర్ అని ముద్ర వేసి, రాత్రికి రాత్రి ఊరవతల చంపి పడేసిన కూలివాడున్నాడు చూడండి, అతని పేరు ఏ స్తూపం మీదా ఉండదు. ఎన్‌కౌంటర్ అని పేపర్లో నాలుగు లైన్లు వేసి, చేతులు కట్టేసి కాల్చారన్న ఆరోపణల మీద విచారణ కూడా లేకుండా మూసేసిన ఫైళ్లలోని కుర్రాళ్లున్నారు, వాళ్ల పేర్లూ ఉండవు. మనకి నచ్చిన పక్షం చేసిన హత్యల్ని "పరిస్థితులు" అనీ, నచ్చని పక్షం చేసినవాటిని "ఉగ్రవాదం" అనీ అనే అలవాటు అందరికీ ఉంది, నాకూ ఉంది. భగత్ సింగ్ ఫిబ్రవరి లేఖ అడవిలో ఉన్నవాళ్లకి ఎంత పనికొస్తుందో, ఊళ్లో ఉండి వాళ్లకి జేజేలు కొట్టేవాళ్లకీ అంతే పనికొస్తుంది. సాండర్స్‌ని కాల్చిన వార్తకి లాహోర్‌లో చప్పట్లు కొట్టినవాళ్లు ఫ్యాక్టరీ వాడలకి వెళ్లలేదు. అదే అతని ఫిర్యాదు.

ఆఖరుగా బటుకేశ్వర్ దత్. అసెంబ్లీలో రెండు బాంబులు పడ్డాయని చెప్పాను కదా. అతను భగత్ సింగ్ పక్కనే ఉన్నాడు, అదే రోజు, అదే బాంబు, అదే కరపత్రం, అదే నిరాహారదీక్ష. సాండర్స్ కేసులో శిక్ష పడలేదు కాబట్టి ఉరి తప్పింది. అండమాన్ చూశాడు, క్షయతో బయటికొచ్చాడు, మళ్లీ క్విట్ ఇండియాలో జైలుకెళ్లాడు. స్వాతంత్ర్యం వచ్చాక పాట్నాలో బతుకుతెరువుకి నానా అవస్థలూ పడ్డాడు. 1965 జులైలో ఢిల్లీ ఆసుపత్రిలో పోయాడు. కోరిక ప్రకారం హుస్సేనీవాలాలో, స్నేహితులకి చితి పేర్చిన చోటే దహనం చేశారు. వీరుడా, ఉగ్రవాదా అని దత్ గురించి ఎవరూ సభ పెట్టరు. ఒకవేళ సాండర్స్ కేసే లేకపోతే, భగత్ సింగ్ కూడా అండమాన్ వెళ్లొచ్చి, అరవై ఏళ్ల వయసులో పాట్నాలోనో లాహోర్‌లోనో పెన్షన్ కోసం అర్జీలు పెట్టుకునేవాడేమో. అప్పుడు అతని పుస్తకాలు చదివేవాళ్లమా? నాకు అనుమానమే.

సరే, ప్రశ్నలడగండి. వెనక బెంచీలో ఆ అమ్మాయి ఇందాకట్నుంచీ చెయ్యెత్తే ఉంది, ముందు ఆమెకి మైకు ఇవ్వండి.